కరవు సీమలో స్థూలకాయము
(సభ్యుల ఆరోగ్య పాఠము)



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతులకు స్థూలకాయమును గూర్చి పాఠము చెప్పబూనుట కొందరికి పరిహాసముగ తోచవచ్చును. ఏటికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగ మాత్రమే వాన గురియు సీమ యిది. వేరుసెనగ పూతకు వచ్చు వేళ ఆకాశమువంక చూచుట మనకు తరతరముల అలవాటు. బొజ్జ యనునది కూర్చుండి తినువారికి వచ్చునే గాని దుక్కి దున్నువానికి ఏల వచ్చునని మన పెద్దలు తలచిరి. వారి కాలమునకు ఆ మాట నిజము. మన కాలమునకు నిజము కాదు. ఏల కాదో, అందువలన మన సేద్యమునకును సంసారమునకును కలుగు నష్టమెట్టిదో, స్వల్ప వ్యయముతో దానినెట్లు తప్పించుకొనవచ్చునో ఈ పాఠమున తెలుపబడును.

1. లెక్కలు తెలుపు సంగతి

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 36 మందియు, పురుషులలో నూటికి 31 మందియు ఉండవలసినదానికంటె అధికమగు బరువు గలవారు. ఆ సర్వేలోనే నూటికి 59 మంది స్త్రీలకు రక్తహీనత కలదని తేలినది. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. దేహము లావెక్కుట పుష్టికి గుర్తు కాదు. ఒకే యింట, ఒక్కొక్కప్పుడు ఒకే దేహమున, క్రొవ్వు హెచ్చియు రక్తము తగ్గియు నుండవచ్చును.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతట లక్షకు పైగా జనులను పరీక్షించి 2023లో ప్రకటించిన నివేదికలో, పెద్దవారిలో నూటికి 11 మందికి మధుమేహమును, 35 మందికి రక్తపుపోటును, 39 మందికి నడుము చుట్టును క్రొవ్వు పేరుకొనుటయు గలవని తెలిపినది.

ఇవి పట్టణముల లెక్కలని త్రోసివేయరాదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003–04లో ఒక యేడాది కాలమున సంభవించిన 1,354 మరణములకు కారణములను ఇల్లిల్లు తిరిగి విచారించిరి. అంటువ్యాధులచేత మరణించినవారు నూటికి 12 మంది మాత్రమే. గుండె జబ్బు, పక్షవాతము మొదలగు రక్తనాళ సంబంధమైన వ్యాధులచేత పోయినవారు 32 మంది. పల్లెటూరి రైతును ఇప్పుడు హరించుచున్నది కలరా కాదు, మశూచి కాదు. గుండెయు రక్తనాళములును చెడుటయే.

2. కరవు దేహమునకు కలిమి ఏల పడదు

ఈ వ్యాధికిని మన సీమ పూర్వచరిత్రకును సంబంధము కలదు. 1876–78 నాటి మహాక్షామమున దత్తమండలములు ఎంతగా నాశనమైనవో వినియున్నారు. అప్పుడు మన ప్రాంతము బళ్ళారి జిల్లాలోనిది. అనంతపురము జిల్లా 1882లో ఏర్పడినది. 2022 ఏప్రిలు నుండి మనము శ్రీ సత్యసాయి జిల్లా వారము. ఆ క్షామమున సర్ రిచర్డు టెంపుల్ అను ప్రభుత్వ ప్రతినిధి, కరవు పనులలో పాటుపడు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, దానిపై ఒక అణాయు చాలునని కూలి తగ్గించెను. మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్, పాటుపడు దేహమునకు ఆ తిండి చాలదనియు, ధాన్యముతో పాటు పప్పుదినుసులును ఉండవలయుననియు వాదించెను. 1877లోనే ఆ కూలి తిరిగి పెంచబడినది. తిండిని తూచి, దేహమును చూచి, రోగము రాకముందే దాని త్రోవ నడ్డగింపవలెనను శాస్త్రమునకు మన కరవు పనులే ఒక పాఠశాల యయ్యెనని చెప్పవచ్చును.

అట్టి కరవులయందు తల్లి కడుపులో పెరుగు శిశువు గతి యేమి? తల్లికి తిండి తక్కువైనపుడు శిశువు చిన్నదిగ పుట్టును. పూనా డాక్టరు యాజ్ఞిక్ గారును ఆయన సహచరులును అచ్చటి పల్లెలలో పుట్టిన బిడ్డలను ఇంగ్లండు బిడ్డలతో పోల్చి 2003లో ప్రకటించిరి. ఇంగ్లండు బిడ్డ సగటున 3½ కిలోలు. పూనా పల్లె బిడ్డ 2 కిలోల 700 గ్రాములు. ఆశ్చర్యమేమన, మన బిడ్డలో తగ్గినది కండయు, లోపలి అవయవముల పరిమాణమును. చర్మము క్రింది క్రొవ్వు అంతగా తగ్గలేదు. అనగా మనవాడు సన్నగా పుట్టియు క్రొవ్వును దాచుకొనియే పుట్టుచున్నాడు. కరవునకు సిద్ధమై వచ్చిన ఆ దేహమునకు పిదప తిండి హెచ్చి పాటు తగ్గినచో, ఆ హెచ్చు క్రొవ్వుగా మారి నడుము చుట్టును చేరును. అందుచేతనే తెల్లవారికంటె తక్కువ బరువులోనే, తక్కువ వయస్సులోనే మనవారికి మధుమేహము పట్టుకొనుచున్నది.

దీనికి విరుగుడు కూడ తెలుగు పల్లెలలోనే పరీక్షింపబడినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987–90 సంవత్సరములలో ఆ నగర సమీపమున 29 గ్రామములను ఎంచి, 15 గ్రామములలో గర్భిణులకును ఆరేండ్లలోపు పిల్లలకును ప్రతిదినము వండిన యుప్మా అదనముగ పెట్టించెను. తక్కిన 14 గ్రామములలో ఆ యేర్పాటు అప్పటికింక లేదు. ఆ పిల్లలు 13 మొదలు 18 ఏండ్ల ప్రాయమునకు వచ్చిన పిదప 2003–05లో వారిని వెదకి 1,165 మందిని పరీక్షించిరి. తిండి పెట్టిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగిరి. వారి రక్తనాళములు మెత్తగా నుండెను. రక్తములోని చక్కెరను అదుపున నుంచు ఇన్సులిన్ అను రసము వారి దేహములో బాగుగ పనిచేయుచుండెను. ఈ ఫలితము 2008లో ప్రకటింపబడినది. కడుపుతోనున్న తల్లికి పెట్టిన పిడికెడు ఉప్మా పదునైదేండ్ల తరువాత బిడ్డ రక్తనాళములలో కనబడినదన్న మాట. కావున ఈ రోగనివారణ కార్యము నలువది యేండ్లవాని బొజ్జతో ఆరంభము కాదు. ఇంటి కోడలి కంచముతో ఆరంభమగును.

3. మన యిండ్లలో మారినదేమి

ముప్పది నలువది యేండ్ల క్రిందట రైతు కపిల తోలెను, గుంటక పట్టెను, సంతకు నడచెను. ఇప్పుడు ట్రాక్టరు దున్నుచున్నది, మోటారు నీరు తోడుచున్నది, పొలమునకు పోవుటకు మోటారు సైకిలు కలదు. ఇవి చెడ్డవని యెవరును చెప్పరు. వెన్ను విరుగు చాకిరి తగ్గుట మంచిదే. కాని చాకిరి తగ్గినంతగా తిండి తగ్గలేదు. ధర్మవరపు నేతగాడు మగ్గపు గుంతలో ఉదయము మొదలు రాత్రి వరకు కూర్చుండియే యుండును. పెనుకొండ, హిందూపురము చుట్టుపట్ల కర్మాగారములలో చేరిన మన పిల్లలు బస్సెక్కి పోయి బస్సు దిగి వచ్చుచున్నారు.

కంచమును మారినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చిన పిదప పేదవాని యింట ఆకలి తగ్గినది. ఆ మేలు మరువరానిది. అయితే రాగిముద్ద, జొన్నరొట్టె, కొర్రన్నము ఉండిన చోట మూడు పూటలును తెల్లన్నమే నిలిచినది. ఉలవలు, అలసందలు తగ్గినవి. నూనె ప్యాకెట్లు, బజ్జీలు, బోండాలు, చక్కెర కాఫీ, సీసా పానీయములు హెచ్చినవి.

సంఘపు లెక్క తెలిసినవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. తిన్నది జమ, పాటుపడినది ఖర్చు, మిగిలినది క్రొవ్వు రూపమున నిలువ. దినమునకు ఒక పెద్ద చెంచాడు నూనె, అనగా సుమారు 100 క్యాలరీలు, అదనముగ తిన్నచో ఏడాదికి 36,500 క్యాలరీలు జమయగును. దేహము కొంత సర్దుకొనును గాన అంతయు బరువుగా మారదు. అయినను బరువు క్రమముగ పెరుగుటకు ఇంత చిన్న పొరపాటు చాలును. ఖరీఫు పనుల నాటి తిండినే వేసవిలో ఖాళీగా నున్నపుడును తినుట మనలో సాధారణము. ఈ నిలువకు వడ్డీ మనకు రాదు; మనమే చెల్లింపవలసి వచ్చును.

4. కొలుచుకొనుట ఎట్లు

అద్దములో చూచుకొనిన తెలియదు. దర్జీవాని టేపు చాలును. క్రింది ప్రక్కటెముకకును తుంటి యెముక పైయంచునకును నడుమ, పొట్టను లోనికి పీల్చక, ఊపిరి సహజముగ విడిచిన వెంటనే బట్టలేని నడుమును చుట్టి కొలువవలయును. పురుషునకు 90 సెంటీమీటర్లు, అనగా సుమారు 35½ అంగుళములు, స్త్రీకి 80 సెంటీమీటర్లు, అనగా సుమారు 31½ అంగుళములు మన దేశమున హద్దు. హద్దు దాటినచో హెచ్చరిక. ఇంకను సులభమైన గుర్తు: నడుము కొలత ఎత్తులో సగమునకు మించరాదు.

బరువుకు వేరొక లెక్క కలదు. కిలోల బరువును మీటర్లలోని ఎత్తుతో రెండు మారులు భాగింపవలయును. ఉదాహరణము: ఎత్తు 1.60 మీటర్లు, బరువు 64 కిలోలు. 64ను 1.60తో భాగింప 40. దానిని మరల 1.60తో భాగింప 25. మనవారికి 23 దాటిన అధికపు బరువు, 25 మొదలు స్థూలకాయము. 18½కు తగ్గినచో కృశత్వము. ఈ ఎత్తువానికి 59 కిలోల లోపల నుండుట మేలు. గర్భిణులకు ఈ కొలతలు వర్తింపవు.

ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును ఏడాది కొక మారైనను గ్రామ ఆరోగ్య కేంద్రమున రక్తపుపోటు, చక్కెర చూపించుకొనవలయును. ఈ పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమమున ఉచితముగ జరుగును. ఈ రెండు వ్యాధులును చాలకాలము నొప్పి లేక దాగియుండును; నొప్పి లేదు గనుక రోగము లేదనుట పొరపాటు.

5. కంచములో చేయవలసిన మార్పులు

మొదటిది నూనె. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనల ప్రకారము పెద్దవానికి దినమునకు సుమారు 27 గ్రాముల నూనె చాలును. నలుగురు పెద్దలున్న యింటికి నెలకు మూడున్నర లీటర్లు. నెల మొదట అంత కొలిచి పెట్టి, నెలాఖరు వరకు దానితో గడుపుటయే ఉపాయము. వేరుసెనగ పండించువారము గనుక నూనెకు కొరత లేదని ధారాళముగ పోయరాదు.

రెండవది ఉప్పు. తలకు దినమునకు 5 గ్రాములకు మించరాదు. నలుగురికి నెలకు 600 గ్రాములు. ఊరగాయ, అప్పడము, వడియములలోని ఉప్పు కూడ ఈ లెక్కలోనిదే. రక్తపుపోటునకు ఉప్పు ముఖ్యకారణములలో ఒకటి.

మూడవది చక్కెర. బెల్లమైనను చక్కెరయైనను దేహమునకు లెక్క యొక్కటే. హిందూపురపు బెల్లము మన సొంతసరకే యయినను మితముగనే వాడదగును.

నాలుగవది ధాన్యము. రాగులలో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపు పదార్థము కలదు. పాలిషు పట్టిన బియ్యములో పది మిల్లీగ్రాములకు లోపే. పీచు రాగులలో సుమారు నాలుగింతలు హెచ్చు. కాని రాగి ఔషధమని తలచి రెండు ముద్దలకు మారు నాలుగు తినినచో ప్రయోజనము లేదు. శక్తిలో రాగులు బియ్యమునకు దగ్గరివే. ముద్ద చిన్నది కావలయును. దాని ప్రక్కన పప్పు, ఉలవకట్టు, ఆకుకూర, మజ్జిగ హెచ్చవలయును. పప్పుదినుసులు కావలయునని కార్నిష్ 1877లో చెప్పిన మాట నేటికిని చెల్లుచున్నది.

6. కాలికి పని

లండను నగరమున రెండంతస్తుల బస్సులను నడుపు డ్రైవర్లను, అందులో టిక్కెట్లిచ్చు కండక్టర్లను డాక్టరు జెరీ మారిస్ పోల్చిచూచి 1953లో ప్రకటించెను. ఒకే కంపెనీ, ఒకే బస్సు. డ్రైవరు దినమెల్ల కూర్చుండును. కండక్టరు దినమునకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగును. కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చెను. వచ్చినను అంత తీవ్రముగ రాలేదు. పిదప వారికి కుట్టించిన దుస్తుల కొలతలను చూడగా డ్రైవర్ల నడుములే లావుగా నుండెను. కాలికి పని కలిగియుండుటయే గుండెకు రక్ష యని లోకమునకు తెలిపిన మొదటి పరిశోధనలలో ఇది యొకటి.

ఇక మన పొరుగున చెన్నపట్టణమున డాక్టరు రామచంద్రన్ గారి బృందము, మధుమేహము వచ్చుటకు సిద్ధముగ నున్న 531 మందిని నాలుగు భాగములు చేసి మూడేండ్లు కనిపెట్టి 2006లో ఫలితము ప్రకటించెను. మామూలుగ నుండినవారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చెను. తిండి సవరించుకొని దినమునకు అరగంటకు తక్కువ కాకుండ నడచినవారిలో 39 మందికి. మెట్ఫార్మిన్ మాత్ర వాడినవారిలో 40 మందికి. రెండును చేసినవారిలోను దాదాపు అంతే. డబ్బు పెట్టి కొను మాత్ర చేయు మేలు కాళ్లును కంచమును చేయగలవని తేలినది. వారి బరువు చెప్పుకొనదగినంత తగ్గకున్నను ఈ మేలు కలిగెను. కావున నెల రోజులు నడచి తూకము తగ్గలేదని మానరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారమునకు 150 నిమిషములైనను చురుకైన నడక వంటి శ్రమ కావలెనని తెలుపుచున్నది. మాటలాడగలిగియు పాట పాడలేనంత వేగము చాలును. పొలము పని సాగు దినములలో ఈ లెక్క తనంత తానే పూర్తియగును. పని లేని నెలలలో గుర్తుంచుకొని పూర్తిచేయవలయును. మగ్గము ముందు కూర్చుండువారు గంటకొకమారు లేచి నాలుగడుగులు వేయవలయును.

7. జాగ్రత్తలు

సన్నగా నున్నవారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు తిండి తగ్గింపరాదు. మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడుగక ఉపవాసములు చేయరాదు. నెలలో పది కిలోలు తగ్గించునని సంతలో అమ్ము పొడులను, కషాయములను నమ్మరాదు. నడచునపుడు రొమ్ము బిగబట్టినట్లు నొప్పి కలిగినను, మూతి వంకరపోయి చేయి కాలు చచ్చుబడినను గడియ ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలయును.

8. సంఘము చేయదగిన పని

సభ్యులారా, పైరునకు తెచ్చిన ఋణము ఆసుపత్రికి ఖర్చయినచో సంఘపు లెక్కలో బాకీ నిలుచును, పొలము బీడుపడును, పిల్లవాని చదువు ఆగును. పక్షవాతము వచ్చిన రైతు ఇంట ఒక దేహము కాదు, రెండు దేహములు పనికి దూరమగును; సేవ చేయు ఇల్లాలు కూడ పొలమునకు పోజాలదు. కావున ఇది సొంత వ్యవహారము మాత్రమే కాదు, సహకార వ్యవహారము.

ప్రతి సంఘమును ఒక తూనిక యంత్రమును, ఒక టేపును కొని కార్యాలయమున నుంచవలయును. ఎరువులకును విత్తనములకును వచ్చు సభ్యుడు అదే దినమున తూగి, నడుము కొలుచుకొని, తన పుస్తకమున వ్రాసికొనిపోవలయును. ఒకరి కొలత మరొకరికి చాటరాదు. మహాజన సభలో ఉప్మాయు బోండాలును పెట్టుచోట ఉడికించిన వేరుసెనగకాయలు, గుగ్గిళ్లు, మజ్జిగ పెట్టవచ్చును. అంగన్‌వాడీలో గర్భిణులకు నిచ్చు గ్రుడ్డు, పాలు, భోజనము వారికే చేరుచున్నవో లేదో సభ్యులు విచారింపవలయును. ఇంటికి తెచ్చిన దానిని పదిమందికి పంచి, కోడలికి చివర మిగిలినది పెట్టు ఆచారమును మానిపింపవలయును.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ యింట నెలకు ఎన్ని లీటర్ల నూనె, ఎంత ఉప్పు ఖర్చగుచున్నది? తలకు ఎంత పడుచున్నది?
2. ఖరీఫు నెలలలో మీరు చేయు శ్రమకును వేసవిలో చేయు శ్రమకును భేదమెంత? తిండిలో భేదము కలదా?
3. మీ ఊరిలో గడచిన యేడాది మరణించినవారిలో గుండె జబ్బు, పక్షవాతములచేత పోయినవారెందరు? వారి కుటుంబముల సేద్యము ఇప్పుడెట్లున్నది?
4. మీ నడుము కొలత ఎంత? మీ ఎత్తులో సగమెంత?

నాలుగవ ప్రశ్నకు సమాధానము తెలియనివారు వచ్చు సమావేశమునకు ముందే కొలుచుకొని రావలసినదిగ కోరబడుచున్నారు.